ఎపాక్సీ రెజిన్ పనిముట్ల శుభ్రత

ఎపాక్సీ రెజిన్ పనిముట్ల శుభ్రత అనగా ఎపాక్సీ రెజిన్‌తో పని ముగిసిన తరువాత కుంచెలకు, రోలర్లకు, తాపీలకు, కలిపే పాత్రలకు, స్ప్రే గన్‌లకు అంటిన పదార్థాన్ని తొలగించే పద్ధతి. ఎపాక్సీ రెండు భాగాలుగా లభిస్తుంది. రెజిన్, హార్డెనర్ అనే ఈ రెండు భాగాలను కలిపిన వెంటనే రసాయనిక చర్య మొదలై, కొన్ని నిమిషాల నుండి కొన్ని గంటల లోపు మిశ్రమం గట్టిపడుతుంది. గట్టిపడిన ఎపాక్సీ తిరిగి ద్రవంగా మారదు. అందువలన ఈ పనిలో దేనితో శుభ్రం చేయాలి అన్నదాని కంటే ఎప్పుడు శుభ్రం చేయాలి అన్నది ముఖ్యమైనది.

పాడైన కుంచె స్థానంలో కొత్తది కొనుక్కోవచ్చు. కాని ఎపాక్సీ వలన చర్మానికి అలర్జీ ఏర్పడితే అది సాధారణంగా జీవితాంతం ఉండిపోతుంది. రెజిన్ చేతులకు ఎక్కువగా అంటేది పనిముట్లను కడిగే సమయంలోనే కనుక, శుభ్రత అన్నది పనిముట్లతో పాటు పనివారి ఆరోగ్యానికి కూడా సంబంధించిన విషయం.

చరిత్ర

ఎపాక్సీ రెజిన్లకు సంబంధించిన తొలి పేటెంట్లలో ఒకదానికి 1934లో జర్మనీకి చెందిన పాల్ ష్లాక్ దరఖాస్తు చేశాడు. 1930ల చివరలో స్విట్జర్లాండుకు చెందిన పియరీ కాస్టన్, 1940లలో అమెరికాకు చెందిన సిల్వన్ గ్రీన్లీ ఈ రంగంలో ముఖ్యమైన కృషి చేశారు. కాస్టన్ పద్ధతిపై హక్కులు పొందిన స్విస్ సంస్థ సీబా 1946లో అరాల్డైట్ అనే పేరుతో జిగురును ప్రదర్శించింది. భారతదేశంలో అరాల్డైట్ వ్యాపారం చాలాకాలం విదేశీ సంస్థల చేతిలో ఉండి, 2020లో పిడిలైట్ సంస్థకు మారింది. ఎం-సీల్ పేరుతో లభించే ముద్ద కూడా ఈ కుటుంబానికి చెందినదే.

రసాయనిక నేపథ్యం

వాడుకలో ఉన్న ఎపాక్సీ రెజిన్లలో ఎక్కువ భాగం బిస్‌ఫినాల్-ఎ, ఎపిక్లోరోహైడ్రిన్ అనే రెండు రసాయనాల నుండి తయారవుతాయి. గది ఉష్ణోగ్రత వద్ద వాడే హార్డెనర్లు సాధారణంగా ఎమీన్ జాతికి చెందినవి. రెండింటినీ కలిపినపుడు ఎమీన్ అణువులు రెజిన్ అణువులను ఒకదానితో ఒకటి ముడివేస్తూ వల వంటి నిర్మాణాన్ని ఏర్పరుస్తాయి. ఇలా ముడిపడే పదార్థాలను థర్మోసెట్టింగ్ పాలిమర్లు అంటారు.

ఈ గుణం లక్కతో పోల్చి చూస్తే సులభంగా అర్థమవుతుంది. అనకాపల్లి జిల్లాలోని ఏటికొప్పాకలో కళాకారులు తరిమెన పట్టిన అంకుడు కర్ర బొమ్మలకు లక్క పూస్తారు. తిరుగుతున్న కర్రకు లక్క కడ్డీని ఆనించగా రాపిడి వేడికి లక్క మెత్తబడి అంటుకుంటుంది. పనిముట్టుకు లక్క అంటితే వేడి చేసి తుడవవచ్చు, లేదా స్పిరిట్‌లో కరిగించవచ్చు. ఎపాక్సీ విషయంలో ఈ రెండూ సాధ్యం కావు. ఉడికిన కోడిగుడ్డు మళ్ళీ పచ్చి గుడ్డు కానట్లే, గట్టిపడిన ఎపాక్సీ వేడికి కొంత మెత్తబడినా కరగదు, సాధారణ ద్రావణులలో ఉబ్బినా విడిపోదు.

మరొక విషయం గమనించదగినది. కలపని రెజిన్ దానంతట అది త్వరగా గట్టిపడదు. కలపని హార్డెనర్ కూడా అంతే. అందువలన రెజిన్‌కు ఒక గరిట, హార్డెనర్‌కు వేరొక గరిట ఉంచుకుంటే ఆ రెండింటినీ తీరికగా తుడుచుకోవచ్చు. కలిపిన మిశ్రమం అంటిన పనిముట్లకు మాత్రం గడువు ఉంటుంది.

తెలుగు ప్రాంతాలలో వాడుక

తెలుగు రాష్ట్రాలలో ఎపాక్సీ వాడుక పలు స్థాయిలలో ఉంది.

* గ్రానైట్ పరిశ్రమ: కరీంనగర్, ఖమ్మం, ప్రకాశం జిల్లా చీమకుర్తి వంటి ప్రాంతాలు గ్రానైట్‌కు ప్రసిద్ధి. కోసిన పలకలలోని సన్నని పగుళ్ళను, సూక్ష్మ రంధ్రాలను పూడ్చేందుకు పలకను ఆరబెట్టి, పైన ఎపాక్సీ పరచి, గట్టిపడిన తరువాత మెరుగు పెడతారు. బలహీనమైన పలకల వెనుక గాజుపీచు వలను కూడా ఎపాక్సీతో అంటిస్తారు.
* క్షిపణులు: హైదరాబాదులోని రక్షణ పరిశోధన సంస్థలు కార్బన్ పీచును ఎపాక్సీలో తడిపి, అచ్చు చుట్టూ చుట్టి, రాకెట్ మోటారు కవచాలను తయారు చేసే సాంకేతికతను అభివృద్ధి చేశాయి.
* నౌకలు: విశాఖపట్నం వంటి ఓడరేవులలో నౌకల ఉక్కు తుప్పు పట్టకుండా ఎపాక్సీ రంగులు వేస్తారు.
* కర్మాగారాల గచ్చు: హైదరాబాదు పరిసరాలలోని ఔషధ కర్మాగారాలలో అతుకులు లేని ఎపాక్సీ గచ్చు సాధారణం.
* గృహనిర్మాణం: వంటగది, స్నానాలగది టైల్స్ సందులలో నింపే ఎపాక్సీ గ్రౌట్ వాడకం పెరిగింది.

2016 అక్టోబరు 11న మహబూబాబాద్ జిల్లాలో మండల కేంద్రంగా ఏర్పడిన దంతాలపల్లి వంటి వ్యవసాయ ప్రాంతాలలో ఎపాక్సీ డబ్బాల కన్నా చిన్న పొట్లాలలో, ట్యూబులలో కనబడుతుంది. నీటి గొట్టాల అతుకులు, ట్యాంకుల పగుళ్ళు, విరిగిన పనిముట్ల పిడులు దీనితో సరిచేసుకుంటారు. పెద్ద కర్మాగారాలలో శుభ్రతకు నిర్ణీత పద్ధతులు, చేతి తొడుగులు, శిక్షణ ఉంటాయి. టైల్స్ మేస్త్రీ, గొట్టాలు అతికే రైతు ఆ ఏర్పాట్లు లేకుండానే అదే పదార్థాన్ని వట్టి చేతులతో ముట్టుకోవలసి వస్తోంది. శుభ్రత గూర్చిన అవగాహన ఎక్కువ అవసరమయ్యేది ఇక్కడే.

గడువు

మిశ్రమం పనికి వీలుగా ఉండే సమయాన్ని పాట్ లైఫ్ అంటారు. ఇది డబ్బాపై ముద్రించి ఉంటుంది. కాని ఆ అంకె సాధారణంగా 25 డిగ్రీల సెల్సియస్ వద్ద, ఒక నిర్దిష్ట పరిమాణానికి లెక్కించినది. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే ఈ సమయం సుమారు సగానికి తగ్గుతుంది. 25 డిగ్రీల వద్ద 30 నిమిషాలు ఆగే మిశ్రమం 35 డిగ్రీల వద్ద సుమారు 15 నిమిషాలు, 45 డిగ్రీల వద్ద ఏడెనిమిది నిమిషాలు మాత్రమే ఆగుతుంది. తెలంగాణ, రాయలసీమ వేసవి ఎండలలో ఈ లెక్క మరచిపోతే కుంచె చేతిలో ఉండగానే బిగుసుకుపోతుంది. అందువలన వేసవిలో తెల్లవారుజామున పని చేయడం, డబ్బాలను నీడన ఉంచడం, కొద్దికొద్దిగా కలుపుకోవడం మంచిది.

గట్టిపడే చర్య వేడిని పుట్టిస్తుంది. లోతైన మగ్గులో ఎక్కువ మిశ్రమం ఉంటే ఆ వేడి బయటికి పోలేక చర్య మరింత వేగవంతమవుతుంది. మిశ్రమం ఉష్ణోగ్రత 100 డిగ్రీలు దాటి, పొగలు రావచ్చు, ప్లాస్టిక్ పాత్ర కరగవచ్చు. మిగిలిన మిశ్రమాన్ని వెడల్పాటి పళ్ళెంలో పలుచగా పరిస్తే ఈ ప్రమాదం తప్పుతుంది.

హార్డెనర్ పాలు ఎక్కువైతే త్వరగా గట్టిపడుతుందని, తక్కువైతే ఎక్కువసేపు ఆగుతుందని కొందరు భావిస్తారు. ఇది సరికాదు. ప్రతి ఎపాక్సీకి నిర్ణీత పాళ్ళు ఉంటాయి. కొన్నింటికి సమపాళ్ళు, కొన్నింటికి 100 గ్రాముల రెజిన్‌కు 10 గ్రాముల హార్డెనర్. పాళ్ళు తప్పిన మిశ్రమం పూర్తిగా గట్టిపడక జిగటగా మిగిలిపోతుంది. అటువంటి దానిని గీకి, ద్రావణితో తుడిచి తీసివేయడం తప్ప మార్గం లేదు.

శుభ్రపరచే క్రమం

శుభ్రతకు కావలసిన వస్తువులను రెజిన్ కలపక ముందే సిద్ధం చేసుకోవాలి. రెండు భాగాలను కలిపిన తరువాత గుడ్డపీలికల కోసం వెతుక్కునే సమయం ఉండదు. సాధారణంగా అనుసరించే క్రమం ఇది.

1. తొడుగులు తీయకుండానే, పనిముట్టుపై ఉన్న రెజిన్‌ను అట్టముక్కతో లేదా ప్లాస్టిక్ బద్దతో గీకివేయాలి. అంటిన దానిలో చాలా భాగం ఈ దశలోనే పోవాలి.
2. పొడి గుడ్డపీలికతో లేదా కాగితంతో గట్టిగా తుడవాలి. కుంచె అయితే గుడ్డలో పెట్టి పిడి నుండి కొన వైపుకు పిండాలి.
3. తరువాత మాత్రమే కొద్దిగా ద్రావణి అద్దిన గుడ్డతో తుడవాలి.
4. కుంచెలకు రెండు చిన్న డబ్బాలలో ద్రావణి తీసుకుని, మొదటి దానిలో కడిగి, రెండవ దానిలో జాడించాలి.
5. చివరగా సబ్బు, గోరువెచ్చని నీటితో కడిగి, ఇనుప పనిముట్లను తుప్పు పట్టకుండా తుడిచి ఆరబెట్టాలి.

మొదటి రెండు మెట్లు వదిలి నేరుగా ద్రావణిలో ముంచడం చాలామంది చేసే పని. దీనివలన ద్రావణి వృథా అవుతుంది. అంతకంటే ముఖ్యంగా, పలుచబడిన రెజిన్ పనిముట్టు కీళ్ళలోకి, పిడి సందులలోకి, చేతి మీదికి వ్యాపిస్తుంది.

ద్రావణులు

* ఎసిటోన్: గట్టిపడని ఎపాక్సీని బాగా కరిగిస్తుంది, త్వరగా ఆవిరవుతుంది. 56 డిగ్రీల వద్ద మరుగుతుంది. థర్మకోల్‌ను, కొన్ని ప్లాస్టిక్‌లను కరిగించివేస్తుంది కనుక దీనిని ఇనుప లేదా గాజు పాత్రలో తీసుకోవాలి.
* ఐసోప్రొపైల్ ఆల్కహాల్, స్పిరిట్: ఎసిటోన్ కంటే నెమ్మదిగా పని చేస్తాయి, కాని పలుచని పొరలను తుడిచేందుకు సరిపోతాయి. ఇవి కూడా మండే ద్రవాలే.
* థిన్నరు: రంగుల దుకాణాలలో సులభంగా దొరుకుతుంది. అనేక థిన్నర్లలో టోలీన్, జైలీన్ ఉంటాయి. వీటి ఆవిరిని ఎక్కువకాలం పీల్చడం నాడీమండలానికి హానికరం. ఎపాక్సీ రంగులకు ఆ రంగు తయారీదారు సూచించిన థిన్నరునే వాడాలి.
* వెనిగర్: ఇందులోని ఎసిటిక్ ఆమ్లం హార్డెనర్‌లోని ఎమీన్‌తో చర్య జరుపుతుంది. గట్టిపడని మిశ్రమాన్ని లోహపు పనిముట్లపై నుండి తుడవడానికి పనికొస్తుంది. గట్టిపడిన దానిపై దీని ప్రభావం ఉండదు.
* సబ్బు, నీరు: నీటితో పలుచబడే ఎపాక్సీ రంగులకు, అనేక ఎపాక్సీ గ్రౌట్లకు గట్టిపడక ముందు ఇవే చాలు. చర్మానికైతే అన్ని సందర్భాలలోను ఇవే వాడాలి.

పనిముట్ల వారీగా

కుంచెలు, రోలర్లు: వీటి వెంట్రుకలలోకి, నురుగులోకి చొచ్చిన ఎపాక్సీని పూర్తిగా తీయడం కష్టం. ఒక చిన్న కుంచెను కడిగేందుకు పట్టే ద్రావణి ఖరీదు కొత్త కుంచె ఖరీదును మించవచ్చు. అందువలన చవక కుంచెలను ఒకసారి వాడి పారవేయడమే వృత్తిపనివారి అలవాటు. రోలరు తొడుగును తీసివేసి, ఇనుప చట్రాన్ని మాత్రం తుడిచి ఉంచుకుంటారు.

తాపీలు, పుట్టీ బ్లేడులు: నునుపైన ఉక్కు కనుక సులభంగా తుడవవచ్చు. పని మధ్యలో కూడా ప్రతి పది పదిహేను నిమిషాలకు ఒకసారి తుడవాలి. పిడి, బ్లేడు కలిసే చోట రెజిన్ పేరుకొంటుంది. అక్కడ ముందుగానే టేపు చుట్టి ఉంచి, పని ముగిశాక తీసివేయవచ్చు.

కలిపే పాత్రలు: ఎపాక్సీ పాలిథీన్, పాలిప్రొపిలీన్, సిలికోన్‌లకు గట్టిగా అంటదు. ఈ పదార్థాలతో చేసిన మగ్గులో మిగిలిన పలుచని పొరను గట్టిపడనిచ్చి, మరునాడు మగ్గును వంచితే పెచ్చుగా ఊడివస్తుంది. దీనికి ద్రావణి అవసరమే లేదు. ఒకసారి ఎపాక్సీ కలిపిన పాత్రను మళ్ళీ ఆహారానికి, నీటికి వాడరాదు.

డ్రిల్లుకు అమర్చే కలుపుడు చట్రం: ఖాళీ డబ్బాలో కొద్దిగా ద్రావణి పోసి తిప్పడం వాడుకలో ఉంది. డ్రిల్లు మోటారులో నిప్పురవ్వలు పుడతాయి కనుక ఇది ప్రమాదకరం. చట్రాన్ని డ్రిల్లు నుండి విడదీసి, చేతితో తుడవడం మంచిది.

స్ప్రే గన్‌లు, పంపులు: వీటి లోపల రంగు గట్టిపడితే యంత్రం పనికిరాకుండా పోవచ్చు. గడువు ముగియక ముందే రంగును ఖాళీ చేసి, శుభ్రమైన థిన్నరు బయటికి వచ్చేవరకు పంపాలి. భోజన విరామానికి ముందు కూడా ఇలా చేయాలి.

టైల్స్ పని స్పాంజి: ఎపాక్సీ గ్రౌట్ నింపిన వెంటనే టైల్స్ పైభాగాన్ని తడి స్పాంజితో తుడిచి, నీటిని తరచు మార్చాలి. మురికి నీటితోనే తుడిస్తే పలుచని రెజిన్ పొర టైల్స్ అంతటా పరచుకొని, మరునాటికి తీయరాని మసకగా మిగులుతుంది.

గట్టిపడిన ఎపాక్సీ

పూర్తిగా గట్టిపడక ముందు ఎపాక్సీ కొంతసేపు రబ్బరులా ఉంటుంది. ఆ దశలో దానిని కత్తితో కోసి పెచ్చుగా తీయవచ్చు. తరువాత మిగిలేవి రెండు మార్గాలు. మొదటిది వేడి గాలి. గది ఉష్ణోగ్రత వద్ద గట్టిపడిన అనేక ఎపాక్సీలు 60 డిగ్రీల పైన మెత్తబడతాయి. హీట్ గన్‌తో నెమ్మదిగా వేడిచేస్తూ బద్దతో గీకాలి. రెండవది ఉలి, ఆకురాయి, గరుకు కాగితంతో అరగదీయడం. అరగదీసేటప్పుడు లేచే దుమ్మును పీల్చకుండా ఎన్95 వంటి మాస్కు ధరించాలి. పూర్తిగా గట్టిపడని ఎపాక్సీ దుమ్ము కూడా అలర్జీ కలిగించగలదు.

గట్టిపడిన తాపీని నిప్పులో కాల్చడం కొన్నిచోట్ల చూడవచ్చు. ఎపాక్సీ కాలినపుడు కార్బన్ మోనాక్సైడ్‌తో పాటు ఇతర విషవాయువులు వెలువడతాయి, ఉక్కు కూడా పదును కోల్పోతుంది. ఈ పద్ధతి పూర్తిగా విడనాడదగినది.

మిథిలీన్ క్లోరైడ్ గల రంగు తీసే ద్రవాలు గట్టిపడిన ఎపాక్సీని ఉబ్బించి వదులు చేస్తాయి. దీని ఆవిరి మూసిన గదులలో ప్రాణాంతకం. శరీరంలో ఇది కార్బన్ మోనాక్సైడ్‌గా మారుతుంది. అమెరికాలో 2019లో దీనితో చేసిన రంగు తొలగింపు ద్రవాలను సామాన్య వినియోగదారులకు అమ్మడం నిషేధించారు. ఒక తాపీని కాపాడేందుకు ఇంత ప్రమాదాన్ని కొనితెచ్చుకోనవసరం లేదు.

ఆరోగ్యం

పనిచోట కలిగే చర్మపు అలర్జీలకు ముఖ్యమైన కారణాలలో ఎపాక్సీ ఒకటి. చర్మవైద్యులు చేసే ప్యాచ్ పరీక్షలోని సాధారణ పదార్థాల జాబితాలో పెట్రోలియం జెల్లీలో 1 శాతం కలిపిన ఎపాక్సీ రెజిన్ కూడా ఉంటుంది. చిన్న అణువులు గల ద్రవ రెజిన్, ఎమీన్ హార్డెనర్ ఈ రెండూ అలర్జీ కలిగించగలవు. పూర్తిగా గట్టిపడిన ఎపాక్సీలో ఈ ప్రమాదం చాలా తక్కువ.

ఈ అలర్జీ మొదటి రోజే కనబడకపోవచ్చు. కొందరు నెలలు, సంవత్సరాల పాటు ఏ ఇబ్బంది లేకుండా పని చేస్తారు. ఆ తరువాత వేళ్ళ మధ్య, మణికట్టు వద్ద, కనురెప్పలపై దురద, ఎరుపు, నీటి పొక్కులు మొదలవుతాయి. ఒకసారి శరీరం ఇలా స్పందించడం మొదలుపెడితే అతికొద్ది రెజిన్ తగిలినా మళ్ళీ వస్తుంది. అప్పుడు వృత్తిని మార్చుకోక తప్పని పరిస్థితి ఏర్పడవచ్చు.

చేతికి అంటిన రెజిన్‌ను థిన్నరుతో, ఎసిటోన్‌తో తుడుచుకోవడం అన్నిటికంటే హానికరమైన అలవాటు. ద్రావణి చర్మంపై ఉండే సహజమైన నూనె పొరను తొలగిస్తుంది, రెజిన్‌ను పలుచన చేసి ఎక్కువ చర్మానికి వ్యాపింపజేస్తుంది. అంటిన వెంటనే పొడి గుడ్డతో తుడిచి, సబ్బుతో కడగాలి. జిగట వదలకపోతే కొద్దిగా వంటనూనె రాసి తుడిచి మళ్ళీ సబ్బుతో కడగవచ్చు. కంటిలో పడితే కనీసం 15 నిమిషాలు ధారగా నీటితో కడిగి వైద్యుని వద్దకు వెళ్ళాలి.

తొడుగులలో నైట్రైల్ రకం రెజిన్‌కు అనువైనది. పలుచని లేటెక్స్ తొడుగులు తగినంత రక్షణ ఇవ్వవు. ఎసిటోన్ నైట్రైల్ గుండా కూడా కొద్ది నిమిషాలలోనే చొచ్చుకుపోతుంది. అందుచేత ద్రావణితో తడిసిన తొడుగును వెంటనే మార్చాలి. ఎసిటోన్‌తో ఎక్కువసేపు పని ఉంటే బ్యూటైల్ రబ్బరు తొడుగులు వాడాలి.

అగ్ని ప్రమాదం

ఎసిటోన్ సుమారు −20 డిగ్రీల వద్ద కూడా మంట అందుకోగల ఆవిరినిస్తుంది. అంటే మన వాతావరణంలో ఏ ఋతువులోనైనా తెరచిన ఎసిటోన్ డబ్బా చుట్టూ మండే ఆవిరి ఉంటుంది. ఈ ఆవిరి గాలి కంటే బరువైనది. నేల వెంబడి పాకి, దూరాన ఉన్న పొయ్యిని, బీడీ నిప్పును చేరగలదు. కావున ఈ పనిని గాలి ఆడే చోట, మంటకు దూరంగా చేయాలి. వేడి గాలి గన్‌ను, ద్రావణిని ఒకేచోట వాడరాదు.

ద్రావణులను మంచినీటి సీసాలలో, శీతల పానీయాల సీసాలలో పోసి ఉంచరాదు. పిల్లలు, పెద్దలు పొరపాటున తాగే ప్రమాదం ఉంది. మూత బిగుతుగా ఉన్న డబ్బాలో పోసి, పేరు రాసి, పిల్లలకు అందకుండా ఉంచాలి.

వ్యర్థాలు

ద్రవ ఎపాక్సీ రెజిన్ జలచరాలకు విషపూరితం. కడిగిన ద్రావణిని మురుగు కాలువలో, పొలం గట్టున, చెరువులో పారబోయరాదు. వాడిన ద్రావణిని మూత పెట్టి కదలకుండా ఉంచితే రెజిన్ అడుగుకు చేరుతుంది. పైకి తేలిన ద్రవాన్ని వేరే డబ్బాలోకి వంపుకొని, తరువాతి సారి మొదటి కడుగుకు వాడుకోవచ్చు. మిగిలిన రెజిన్, హార్డెనర్‌లను విడివిడిగా పారవేయక, సరైన పాళ్ళలో కలిపి పలుచగా పరచి గట్టిపడనిస్తే హాని తక్కువైన ఘన వ్యర్థంగా మారుతుంది. ద్రావణితో తడిసిన గుడ్డలను మూత గల ఇనుప డబ్బాలో వేయాలి.

పరిశ్రమల నుండి వెలువడే వాడిన ద్రావణులు భారత ప్రభుత్వం 2016లో జారీ చేసిన ప్రమాదకర వ్యర్థాల నియమాల పరిధిలోకి వస్తాయి. ఇటువంటి వ్యర్థాలను శుద్ధి చేసే కేంద్రాలు తెలంగాణలో దుండిగల్ వద్ద, ఆంధ్రప్రదేశ్‌లో విశాఖపట్నం సమీపంలోని పరవాడ వద్ద ఉన్నాయి.

ఇవి కూడా చూడండి

* ఎపాక్సీ
* పాలిమర్
* ఎసిటోన్
* లక్క
* గ్రానైట్
* ఏటికొప్పాక బొమ్మలు